జింక మేసిన చోటు

ఏప్రిల్ 7, సోమవారం

వాన పావు అంగుళం.

విత్తనాల కంపెనీ ఏటా ఇచ్చే ఈ జేబు పుస్తకంలో ముప్ఫై ఏళ్లుగా వాన లెక్క తప్ప ఇంకో ముక్క రాయలేదు. ఇవాళ రాస్తున్నాను. మనసులో మాట చెప్పుకోవడానికి నాకున్నది ఒక్క మనిషి. ఫిర్యాదేమో ఆ మనిషి మీదే.

ఇంటి దొంగను దేవుడు కూడా పట్టలేడంటారు. అది నా ఇంట్లోనే రుజువవుతుందని అనుకోలేదు.

ఇరవై ఆరేళ్లు సమాధుల గుట్ట మీద గడ్డి కోశాను. ఎకరం నేల, నలభై ఒక్క రాళ్లు. మే నుంచి అక్టోబర్ దాకా ప్రతి గురువారం. హైవే మీద పోయేవాళ్లకు కూడా నా చాళ్లు రూలుకర్ర పెట్టి గీసినట్టు కనిపించేవి. ఇవాళ ఊరి బోర్డు వాళ్లు ముగ్గురూ కూర్చుని ఈ ఏడాది ఆ గుట్ట మీద పోచ కూడా కోయకూడదని తేల్చారు. వాళ్లను అలా అడిగింది ఎవరు? మా లవాన్. బడి వంటగదిలో ఇరవై తొమ్మిదేళ్లు గరిటె తిప్పి, రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక కౌంటీ వాళ్ల దగ్గర గడ్డి పాఠాలు నేర్చుకుని, శనివారాలు జనాన్ని వెంటేసుకుని మొక్కలు చూపించే నా భార్య లవాన్. నా పక్క కుర్చీలోంచి లేచి వెళ్లి, అట్ట మీద ఫోటోలు అంటించుకొచ్చి మరీ మాట్లాడింది. ఆ గుట్టకు ఎన్నడూ నాగలి తగల్లేదట. చుట్టూ ఎటు చూసినా మొక్కజొన్న, సోయా. మన తాతలు బండ్లు దిగినప్పుడున్న గడ్డి ఈ ఒక్క ఎకరం కిందే వేళ్లతో మిగిలి ఉందట. నా మిషన్ అందని కంచె అంచునే అరవై రకాలు లెక్కపెట్టిందట.

"మా ఆయన చాలా శ్రద్ధగా కోశాడు. వచ్చిన చిక్కల్లా అదే," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

బోర్డులో ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. మూడోవాడు మెర్ల్ స్కోగెన్, ఒకటో క్లాసు నుంచీ నా పక్క బల్లవాడు. ఎటూ తేల్చుకోలేక, ఒక్క ఏడాది వదిలి చూద్దాం, అక్టోబర్‌లో శాశ్వతంగా తేలుద్దాం అన్నాడు. బయటికొచ్చాక నా పికప్ బండి దగ్గర నిలబడి భుజం మీద చెయ్యేశాడు.

"ఒరేయ్ వెర్లిన్, నాకు గడ్డీ తెలీదు, పువ్వూ తెలీదు. కోసినవాడివి నువ్వు. అక్టోబర్లో నువ్వు కొయ్యాలంటే కొయ్యాలంటా, వద్దంటే వద్దంటా. నీ మాటే నా ఓటు, సరేనా?"

ఈ సంగతి లవాన్‌కు చెప్పలేదు. అట్ట మీద ఫోటోలు అంటిస్తున్నప్పుడు ఆమె నాకు చెప్పిందా?

ఏప్రిల్ 12, శనివారం

వాన లేదు. గాలి దక్షిణం నుంచి, నెమ్మది.

గుట్టను తగలబెట్టారు. పాత గడ్డి కాలితేనే కొత్తది లేస్తుందట. లవాన్ పసుపు చొక్కా, హెల్మెట్ పెట్టుకుని, చమురు నిప్పుగా కారే డబ్బా పట్టుకుని కంచె వెంబడి నడిచింది. అరవై తొమ్మిదేళ్ల మనిషి. నేను వెళ్లింది నీళ్ల ట్యాంకు మా పికప్‌లోనే పడుతుంది కాబట్టి, అంతే.

ఇరవై నిమిషాల్లో అంతా అయిపోయింది. అందరూ వెళ్లిపోయాక, పాత పళ్లబ్రష్షుతో అమ్మ రాయి మీది మసి తోమాను. ఆల్మా హెగ్‌లండ్, 1921–1999. అక్షరాల్లో దూరిన మసి ఓ పట్టాన రాదు.

నాన్నను పూడ్చిన రోజు అమ్మ నా చెయ్యి పట్టుకుని, "నేను పోయాక నా మీద కలుపు పెరగనివ్వకురా," అంది. అది ఒక్కటే అడిగింది నన్ను. చివరి శీతాకాలం వృద్ధుల ఆశ్రమంలో ఉన్నప్పుడు మాత్రం మనిషి మాటలు తడబడ్డాయి. "నిప్పు గిన్నెలు కావాలి, గుట్ట మీద నిప్పు గిన్నెలు," అనేది. చలేస్తోంది కాబోలని నర్సు ఇంకో దుప్పటి కప్పేది.

తోముతున్నప్పుడు అది గుర్తొచ్చింది. ఎందుకు రాశానో తెలీదు.

మే 1

గురువారం. కోయలేదు.

మే 8

గురువారం. వాన ముప్పావు అంగుళం. కోయలేదు. పెద్ద మిషన్‌కు ఆయిలు మార్చాను. మిషన్ ఏం పాపం చేసింది.

మే 26, సోమవారం

సమాధులకు పూలు పెట్టే రోజు. ఎప్పట్లాగే కాఫీ డబ్బాల్లో నీళ్లు పోసి పియొనీ పూలు పట్టుకుని అందరూ వచ్చారు. గడ్డి అప్పటికే పిక్కల దాకా ఉంది. పిల్లల మేజోళ్లకు పిడుదులు పాకుతాయని తల్లులు గేటు దగ్గరే నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదు. మా వాళ్లు అనరు. "ఈ ఏడు పచ్చగా ఉంది," అంటారు, అంతే. దాని లోపల ఏముందో వినేవాడే వెతుక్కోవాలి.

చిన్నాన్న కూతురు మాత్రం దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "పెద్దమ్మ ఎక్కడుంది అన్నయ్యా? రాయి కనిపించట్లేదు."

చూపించాను. ఆమె గడ్డిని రెండు చేతులతో పాయ తీసి డబ్బా పెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది.

లవాన్ గమనించింది. ఇంటికొచ్చేటప్పుడు, "ఇంకో నెల ఓపిక పట్టు వెర్లిన్," అంది. నెలలో ఏమవుతుందని అడిగితే, పూలు వస్తాయి అంది.

జూన్ 7, శనివారం

వాన లేదు. లవాన్ నడకల్లో అందరికన్నా వెనక నడిచే మనిషికి మోకాలు వాచిందట. ఎవరూ తప్పిపోకుండా చూసేవాడు ఒకడు ఉండాలి కాబట్టి వెళ్లాను. మెడలో ఈల వేసి, పిడుదులకు కొట్టే మందు సీసా చేతికిచ్చింది. నన్ను జనానికి "ఈయన మా తోక," అని పరిచయం చేసింది.

బాబొలింక్ అనే పిట్ట ఒకటుంది, కోటును వెనక్కి తిప్పి తొడుక్కున్నట్టు వీపంతా తెలుపు, పొట్టంతా నలుపు. డెబ్బై ఒక్కేళ్లుగా దాని కూత వింటున్నాను, పేరు ఇవాళ తెలిసింది. తెలిసి చేసేదేమీ లేదు. ఊరికే రాసుకున్నాను.

జూన్ 12

గురువారం. కోయలేదు. లవాన్ రెండు రోజులుగా పాట పాడుకుంటూ గిన్నెలు తోముతోంది. అడిగితే చెప్పదు.

జూన్ 19

గురువారం. వాన ఒకటిన్నర అంగుళం. కోయలేదు. గుట్ట మీదికి వెళ్లి చూశాను. అమ్మ పేరులో 'ఆ' కూడా కనిపించట్లేదు.

జూన్ 26

గురువారం. వాన లేదు. తోసే మిషన్ బ్లేడు పదును బాగుంది. ప్రత్యేకం ఏమీ లేదు. వంగి పనిచేసి నడుం పట్టేసింది.

జూన్ 27, శుక్రవారం

కొడుకన్నవాడు తల్లి పేరు కనిపించేలా చూసుకోవడం తప్పు కాదు. నన్ను ఎవరూ అడగలేదు. నాకు నేనే అంటున్నాను. ఎకరంలో నాలుగడుగులకు ఆరడుగుల ముక్క ఎంత? మిగతాదంతా వాళ్లకే వదిలేశాను కదా.

రేపు గుట్ట మీదే లవాన్ నడక. పద్నాలుగు మంది వస్తున్నారు, మెర్ల్ కూడా. చూడకుండా అక్టోబర్‌లో చెయ్యెత్తలేనన్నాడట. రాత్రి భోజనం దగ్గర లవాన్ బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, పెళ్లికూతురిలా. "రేపు చివర్న ఒకటి చూపిస్తాను. నువ్వు మాత్రం ముందుకొచ్చి నిలబడాలి, తోకలో కాదు," అంది.

ఏంటది అని నేను అడగలేదు. అడగాల్సింది.

జూన్ 28, శనివారం

వాన లేదు. రాయాలి. ఉన్నదున్నట్టు రాయాలి.

ఎనిమిదింటికే మంచు ఆరకముందు మొదలెట్టాం. ఎకరం నేల నడవడానికి గంటన్నర పట్టింది. మిషన్ మీద నాకు నలభై నిమిషాలు. లవాన్ రెండడుగులు వేస్తుంది, ఆగుతుంది. బడి పిల్లలకు వడ్డించినట్టే అందరికీ ఒక్కో మొక్క ఒక్కో ఆకు చొప్పున చూపిస్తుంది, ఎవర్నీ వదలదు.

"ఇదిగో, ఈ వెడల్పాకుల్ని చూడండి. అన్నీ అంచు మీద నిలబడి ఉన్నాయి కదూ? ఒక అంచు ఉత్తరానికి, ఒక అంచు దక్షిణానికి. మధ్యాహ్నం ఎండ తప్పించుకోడానికి దాని తెలివి అది. దిక్సూచి మొక్క అంటారు."

మెర్ల్ ఫోన్ తీసి దిక్కు చూశాడు. "నిజమేరోయ్! నా ఫోన్ కన్నా ఇదే నయం, చార్జింగ్ అక్కర్లేదు."

"దాని వేరు నీ పొడుగుకి రెండింతలు, మెర్ల్. వయసు నీకన్నా ఎక్కువే ఉండొచ్చు."

"నాకన్నా పెద్దది ఈ కౌంటీలో ఇంకోటుందా! చెయ్యి కలపాలి," అంటూ నిజంగానే ఆకు పట్టుకుని ఊపాడు. వాడి నోరు ఊరుకోదు.

తర్వాత బూడిద రంగు ఆకుల పొద. దాన్ని మా తాత 'బూటు లేసుల మొక్క' అనేవాడట. మొదటిసారి నాగలి దిగినప్పుడు దాని వేళ్లు లేసులు తెగినట్టు ఫట్ ఫట్‌మని తెగేవని. మా తాత మాట లవాన్ నోట విని ఆశ్చర్యపోయాను. నేనే ఎప్పుడో చెప్పానట, పెళ్లయిన కొత్తలో. నేను మర్చిపోయినవి ఆమె దాచింది.

డెమాయిన్ పట్నం నుంచి చెప్పులతో వచ్చిన ఒకావిడ, "పాములుంటాయా?" అని పదోసారి అడిగింది. "ఉంటే అవే తప్పుకుంటాయమ్మా, వాటికి మర్యాద తెలుసు," అన్నాను. నవ్వింది. అప్పుడే ఒక కుందేలు ఆవిడ కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయింది. ఆవిడ అరుపుకి కంచె మీది మెడోలార్క్ పిట్ట కూడా పాట ఆపేసింది. లేత ఊదా రెక్కలు కిందికి వేలాడేసిన పూలు గుట్టంతా ఊగుతున్నాయి. వాటి మధ్య రాళ్లు నడుముల్లోతు నిలబడి ఉన్నాయి. చూడ్డానికి అంత అధ్వాన్నంగా లేదు. నేను సంతోషంగానే ఉన్నాను. అదీ రాయాలి. కాసేపు గురువారం సంగతే మర్చిపోయాను.

అప్పుడు లవాన్ వెనక్కి తిరిగి నన్ను ముందుకు రమ్మని సైగ చేసింది. నా ముంజెయ్యి పట్టుకుని, అందర్నీ తూర్పు వరసలోకి నడిపించింది. ఎటు పోతున్నామో అప్పుడు తెలిసింది.

"ఇప్పుడు ఎవరూ ఊపిరి పీల్చకండి," అంది. చెయ్యి పైకెత్తింది. అమ్మ రాయి ముందుకొచ్చి ఆగింది.

కోసిన ముక్క. నాలుగడుగులకు ఆరడుగులు. అంచులు కత్తితో కోసిన కేకులా ఉన్నాయి. రాయి చుట్టూ కత్తెరతో సాపు చేసింది కూడా తెలుస్తూనే ఉంది. ఇరవై ఆరేళ్ల అలవాటు, చేతులు వాటంతట అవే చేశాయి.

లవాన్ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. రాయికి ఎడమ పక్కన ఒక చోట చూసింది. మోకాళ్ల మీద కూర్చుని వేలితో మోడుల మధ్య వెతికింది. లేచింది. మోకాళ్లు దులుపుకుంది.

"జింకలు," అంది. "జింకలు మేసేశాయి. లిల్లీ మొగ్గలంటే వాటికి చాలా ఇష్టం."

మెర్ల్ టోపీ వెనక్కి నెట్టి ఆ ముక్కను నాలుగు వైపులా చూశాడు. "చాలా క్రమశిక్షణ ఉన్న జింకే. మూలలు కూడా వదల్లేదు."

అందరూ నవ్వారు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి మెడలోని ఈల మీదికి పోయింది. లవాన్ మాత్రం నా వైపు చూడలేదు. గొంతు కొంచెం కూడా వణకకుండా చెప్పింది. ఇక్కడ ఒకే ఒక్క ప్రెయిరీ లిల్లీ, నాగలి తగలని గడ్డినేలలో పూసేది, ఉండేదట. చుట్టుపక్కల మూడు కౌంటీల్లో అది కనిపించి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలియదట. మామూలు లిల్లీలా తల వంచదట, గిన్నెలా ఆకాశం వైపు తెరుచుకుంటుందట. ఇవాళో రేపో విచ్చాల్సిందట. దొంగలు తవ్వుకుపోతారని గుర్తు కూడా పెట్టలేదట.

గిన్నె అన్నప్పుడు నాకేదో గుర్తొచ్చినట్టయి జారిపోయింది. జారిపోనిచ్చాను.

పికప్‌లో తిరిగొస్తూ, సోయా బాగా లేస్తోంది అని నేను, అవును అని ఆమె. అంతే.

జూన్ 29, ఆదివారం

వాన లేదు. చర్చిలో కాఫీ దగ్గర ముగ్గురు జింకల గురించి అడిగారు. ఈ ఏడు బెడద ఎక్కువేనన్నాను.

జూన్ 30

వాన లేదు. లవాన్ అన్నీ మామూలుగానే మాట్లాడుతోంది. కొట్లాడితే బాగుండు.

జూలై 1

తేలు కుట్టిన దొంగలా ఇల్లంతా తిరుగుతున్నాను. షెడ్డు రెండుసార్లు సర్దాను.

జూలై 3, గురువారం

వాన పది నిమిషాలు, కొలవడానికి చాల్లేదు.

మధ్యాహ్నం లవాన్ వంటగదిలో బంగాళదుంపలు చెక్కు తీస్తోంది. గుమ్మంలో నిలబడి, "జింక నేనే," అన్నాను.

చెక్కు తీయడం ఆపలేదు. "తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"చూడగానే. రాయి చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని కత్తెర పట్టే జింక ఈ కౌంటీలో ఒక్కటే ఉంది వెర్లిన్. దాన్ని నలభై నాలుగేళ్ల కిందట నేనే చూసి చూసి పెళ్లి చేసుకున్నాను."

"మరి అందరి ముందూ ఎందుకు చెప్పలేదు?"

"నిన్ను తిట్టుకోడానికి నాకు ఇల్లుంది కదా. అంత దూరం తీసుకెళ్లడమెందుకు?"

అప్పుడు కత్తి కింద పెట్టింది. చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుంది. కళ్లు నిండి ఉన్నాయి. ఈ మనిషి ఏడవడం నేను నాలుగుసార్లు చూశాను, ఇదొకటి.

"ఆ మొగ్గ జనం కోసం కాదయ్యా. మెర్ల్ కోసం అంతకన్నా కాదు. నీకు చూపిద్దామని. జూన్ పదో తారీఖున కనిపించింది, మీ అమ్మ రాయి పక్కనే. రెండు వారాలు నోరు కుట్టేసుకున్నాను. ఎర్రగా, గిన్నెలా, పైకి నిప్పు పట్టుకున్నట్టు విచ్చుకుంటుంది. ఆవిడేం అడిగేది చివర్లో? గుర్తు తెచ్చుకో."

నిప్పు గిన్నెలు.

చలేస్తోంది అనుకుని నర్సు దుప్పటి కప్పింది. మేమూ అదే అనుకున్నాం. అమ్మ మాటలు తడబడలేదు. గుట్ట మీద తన చిన్నప్పుడు ఉన్న పూలు అడిగింది, సరిగ్గా పేరు పెట్టి. ఆమె పోయిన వసంతంలోనే నేను మిషన్ కొన్నాను. ఆమె అడిగిన పువ్వు మీద ఇరవై ఆరేళ్లు ప్రతి గురువారం మిషన్ తోలాను, ప్రేమతో. ఈ ఏడాది అది ఎలాగో తల ఎత్తితే, పోయిన గురువారం మళ్లీ కోశాను.

కుర్చీలో కూర్చున్నాను. లవాన్ పక్కన కూర్చుంది.

"చచ్చిపోయిందా?" అన్నాను.

"దుంప నేల కింద ఉంది. ఇరవై ఆరేళ్లు అది ఆకు పెట్టిన ప్రతిసారీ నువ్వు తెగ్గోసినా చావనిది, ఈ ఒక్క గురువారానికి చస్తుందా? కాకపోతే బాగా అలిసిపోయుంటుంది. ఎప్పుడు పూస్తుందో చెప్పలేం."

మెర్ల్ ఓటు నా జేబులో ఉందన్న సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. ఏప్రిల్ నుంచి దాచానని కూడా చెప్పాను. ఏమనాలో చెప్పమన్నాను.

"నన్నడక్కు," అంది, దుంపలు పొయ్యి మీద పెడుతూ. "నేను అడగాల్సింది ఏప్రిల్లో అట్ట మీద అంటించి అడిగేశాను. నిన్ను ముందు అడగకుండా అడిగాను, అది నా తప్పు. మిగిలింది నీ ఇష్టం."

ఇష్టం అంటే చాలా బరువు. కొయ్యమంటే అమ్మకిచ్చిన మాట నిలుస్తుంది. వద్దంటే అమ్మ అడిగిన పువ్వు నిలుస్తుంది. రెండూ అమ్మవే.

తప్పు చేశాను. ఈ పుస్తకంలో ఇంతవరకు ఆ మాట లేదు, అందుకని రాస్తున్నాను. తప్పు చేశాను.

జూలై 10

గురువారం. వాన అర అంగుళం. కోయలేదు. చిన్న నీళ్ల డబ్బా పట్టుకుని వెళ్లాను. లవాన్ చూసి, నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది, ముట్టుకోకు అంది. తిరిగొచ్చాను.

ఆగస్టు 16, శనివారం

వాన లేదు. గుట్ట మీద నడక. పెద్ద గడ్డి నా తల దాటింది. కంకి మూడు పాయలుగా చీలి టర్కీ కోడి పాదంలా ఉంటుంది. గాలి వస్తే గుట్టంతా ఒకవైపుకి వంగి మళ్లీ లేస్తుంది. చెప్పులావిడ ఈసారి బూట్లు వేసుకొచ్చింది, ఇద్దరు స్నేహితురాళ్లను కూడా తెచ్చింది. "మా పాముల మర్యాదస్థుడు ఈయనే," అని వాళ్లకు నన్ను చూపించింది.

ఒక పెద్దాయన అడిగాడు, తోకలో నడుస్తూ, ఇది కోయకుండా ఎలా ఉండగలుగుతున్నారని. చేతులు జేబులో పెట్టుకోవాలి అన్నాను. బాబొలింకులు అప్పుడే దక్షిణానికి బయల్దేరాయని కూడా చెప్పాను. నాకే వింతగా అనిపించింది.

ఒక్కటే బాధ. అమ్మ రాయి దగ్గరికి చేరడానికి దారి లేదు. జనం తలా ఒక వైపు నుంచి తొక్కుకుంటూ పోతున్నారు. ముసలివాళ్లు గేటు దగ్గరే ఆగిపోతున్నారు. చిన్నాన్న కూతురు ఈ మధ్య రావడమే మానేసింది.

సెప్టెంబర్ 20

వాన లేదు. లవాన్‌తో గింజలు కోశాను. కాగితం సంచులు పదకొండు. వాటిలో ఒకదానిది పుదీనా వాసన, సాయంత్రం దాకా చేతులను వదల్లేదు. మంచి రోజు.

అక్టోబర్ 13, సోమవారం

వాన అంగుళంలో అయిదో వంతు. చలి మొదలైంది.

బోర్డు సమావేశం. కుర్చీలు చాల్లేదు. ఒకరు కొయ్యాలన్నారు, ఒకరు వద్దన్నారు, ఏప్రిల్‌లో లాగే. మెర్ల్ నా వైపు తిరిగాడు. "ఏమంటావ్ వెర్లిన్?"

కాగితం మీద రాసుకెళ్లాను. జేబులోంచి తీయలేదు.

"ముందొక మాట," అన్నాను. "జూన్‌లో గుట్ట మీద జింక మేసిందని లవాన్ మీకు చెప్పింది. మేసింది జింక కాదు. నేను."

చెవులు కాలిపోతున్నాయి. మెర్ల్ గడ్డం గోక్కున్నాడు.

"అది ఆ రోజే తెలుసు కదరా. నీ చాలు నాకు తెలీదా?"

వెనక వరసలోంచి ఎవరో, "మాకూ తెలుసు," అన్నారు. చిన్నాన్న కూతురు తల ఊపింది. పాస్టర్ తల ఊపాడు. ఊరందరికీ తెలుసు. చర్చిలో జింకల బెడద గురించి అడిగిన ముగ్గురికీ తెలుసు. నాలుగు నెలలు ఒక్కరు కూడా నోరెత్తలేదు. మా ఊరి మర్యాద అలాంటిది. దాని కింద పడితే మనిషి లేవలేడు. లవాన్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది.

ఆ తర్వాత మాట్లాడ్డం తేలికైంది. మా అమ్మ మీద కలుపు పెరగనివ్వనని మాటిచ్చానని చెప్పాను. ఇన్నాళ్లూ అది కలుపనుకున్నాననీ, కాదనీ చెప్పాను. అమ్మ అడిగిన పువ్వు సంగతి కూడా చెప్పాను.

"గుట్టను వదిలేద్దాం," అన్నాను. "కాని మనవాళ్లు తమవాళ్ల దగ్గరికి నడిచి వెళ్లాలి. గేటు నుంచి ప్రతి వరస ముందూ ఒక బాట కావాలి, చేతికర్ర పట్టుకున్న మనిషి పట్టేంత వెడల్పు. రాళ్ల ముందు పేర్లు కనిపించాలి. ఆ బాట నేను కోస్తాను. గురువారాలు."

మెర్ల్ చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దించకుండానే, "వంకర పోకుండా కోస్తావా?" అన్నాడు.

"ఎప్పుడు పోయానురా?"

ఇంటికొస్తూ పికప్‌లో లవాన్ నా మోకాలి మీద చెయ్యేసింది. "సోయా బాగా కోతకొచ్చింది," అంది. అవునన్నాను.

ఏప్రిల్ 9, గురువారం

వాన అర అంగుళం. కొత్త పుస్తకం, అదే కంపెనీ. ఈసారి అట్ట ఆకుపచ్చ.

మే 25, సోమవారం

పూల రోజు. బాట మీద నుంచి అందరూ నడిచి వచ్చారు, గేటు దగ్గర ఎవరూ ఆగలేదు. చిన్నాన్న కూతురు అమ్మ పేరు చదివి కాఫీ డబ్బా పెట్టింది. "ఈ ఏడు పచ్చగా ఉంది అన్నయ్యా," అంది. ఈసారి దాని లోపల ఇంకేమీ లేదు.

జూన్ 18, గురువారం

వాన లేదు.

వానల వల్ల రెండు గురువారాలు ఆగి, ఇవాళ పొద్దున్నే బాట కోయడానికి వెళ్లాను. తూర్పు వరస చివరికొచ్చి మిషన్ ఆపేశాను. అమ్మ రాయికి ఎడమ పక్కన, నా చాలుకు సరిగ్గా మధ్యలో, జానెడు కాడ. గొడుగు చువ్వల్లా కాడ చుట్టూ ఆకులు, మూడు వరసలు. ఇంటికెళ్లి లవాన్‌ను తీసుకొచ్చాను. ఆప్రాన్ కూడా విప్పలేదు. బోర్లా పడుకుని కళ్లద్దాలు పైకి నెట్టి చూసింది.

"అదే," అంది. "మొగ్గ లేదు. ఈ ఏడాదికి ఆకులే. వచ్చే ఏడాది పూయొచ్చు, ఆ పై ఏడాది పూయొచ్చు."

నాకు డెబ్బై రెండు. సరే అన్నాను. ఆమెను లేపడానికి చెయ్యిస్తే, నన్నే కిందికి లాగింది. ఇద్దరం తడి గడ్డిలో అమ్మ పక్కన కూర్చున్నాం. మాకు అట్టే పెట్టుకున్న రెండు జాగాలు కూడా అక్కడే. మన మీద ఏం మొలుస్తుందో అన్నాను. నీ మీద బూటు లేసుల మొక్క, ఓ పట్టాన తెగదు అంది.

ఆమె వెళ్లాక మిగతా బాట కోశాను. ఆ కాడ దగ్గర మిషన్‌ను రెండడుగులు పక్కకు తిప్పి, దాటాక మళ్లీ చాలులోకి తెచ్చాను. హైవే మీద నుంచి కూడా కనిపిస్తుంది.

భోజనం చేస్తుంటే మెర్ల్ ఫోన్ చేశాడు.

"ఏరా, కళ్లు మసకబారాయా? ఇప్పుడే గుట్ట పక్కనుంచి వచ్చాను. నీ చాలు వంకర పోయింది. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి!"

"జింక అడ్డమొచ్చింది," అన్నాను.